వెన్నపండు పచ్చడి – కేలరీల పద్దు

పండు ఒక్కటే గాని పేర్లు చాలా వున్నవి. బెంగుళూరు బజారులో బటర్ ఫ్రూట్ అంటారు. కన్నడిగులు బెణ్ణె హణ్ణు అంటారు, తమిళ సోదరులు వెణ్ణెయ్ పళం అంటారు. మన ఇళ్ళలో వెన్నపండు. ఇంగ్లీషువారి పుస్తకాలలో అవకాడో. ఈ చివరి పేరు తప్ప మిగిలిన అన్నిటిలోనూ వెన్న వున్నది. వెన్న అన్న మాట వినబడిన తర్వాత, ఒళ్ళు తగ్గవలెనని డాక్టరుచేత చెప్పించుకున్నవారు లెక్క అడగక మానరు. ఈ నెల మన శీర్షికలో ఆ లెక్కే చూడబోతున్నాము.

ఇందుకు కారణం బెంగుళూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం. వారిది మూడు తరాలుగా అక్కడ స్థిరపడిన కుటుంబం. వారి మాటలలోనే సంగతి ఇది: “అన్నగారూ, మా కోడలు మెక్సికోవారి వెన్నపండు పచ్చడి చేస్తుంది. సాయంకాలం పిల్లలూ పెద్దలూ అందరూ ఒకే గిన్నె చుట్టూ చేరి తింటారు. నాకు మోకాళ్ళ నొప్పులు, చక్కెర జబ్బు. బరువు తగ్గమని డాక్టరుగారి ఆజ్ఞ. ఒకరు ‘అది మంచి కొవ్వు, ఎంత తిన్నా ఫరవాలేదు’ అంటారు. మరొకరు ‘అది వెన్నే, ముట్టుకోవద్దు’ అంటారు. ఎవరి మాట వినాలో తెలియక నేను ఆ వేళకు దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నాను. దీనిలో కేలరీలు తగ్గించే ఉపాయం ఏమైనా వున్నదా?”

ఇది చిన్న ప్రశ్న కాదని మాకు తోచింది. తిండి మానడం ఒక ఎత్తు, నలుగురిలో కూర్చోవడం మానడం ఒక ఎత్తు. రెండవ కష్టం కలగకుండా మొదటి పని ఎంతవరకు సాగుతుందో కాగితం మీద వేసి చూద్దాము.

ముందుగా ఈ పచ్చడి పుట్టిల్లు తెలుసుకోవాలి. దీనిని గ్వాకమోలె అంటారు. మెక్సికో దేశంలో స్పెయిన్‌వారు అడుగు పెట్టకముందునుంచీ నహువాతల్ అనే భాష వున్నది. ఇప్పటికీ అక్కడ లక్షలమంది ఆ భాష మాట్లాడుతున్నారు. ఆ భాషలో వెన్నపండును అహువాకతల్ అన్నారు. మోల్లి అంటే నూరిన పచ్చడి, పులుసు వంటిది. ఆ రెండు మాటలూ కలిసి అహువాకమోల్లి అయినది. స్పానిష్‌వారి నోట అది గ్వాకమోలె అయినది. అంటే పేరుకు అర్థం ‘వెన్నపండు పచ్చడి’ అనే. మనం గోంగూర పచ్చడి, దోసకాయ పచ్చడి అన్నట్లే వారూ అన్నారు.

చేసే విధానం కూడా మనకు కొత్త కాదు. మోల్కహేతే అని వారికి ఒక రోలు వున్నది. అగ్నిపర్వతపు నల్లరాతితో చెక్కిన మూడు కాళ్ళ చిన్న రోలు అది. దానికొక రాతి పొత్రం. అందులో ముందుగా ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి నూరుతారు. తర్వాత పండు గుజ్జు వేసి పలుకు పలుకుగా మెదుపుతారు. ఆపైన టొమాటో ముక్కలు కలుపుతారు. కొందరు నిమ్మరసం పిండుతారు. పొయ్యి అవసరం లేదు, తాలింపు లేదు, నూనె చుక్క లేదు. ఇది అచ్చమైన రోటి పచ్చడి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మిరపకాయ, టొమాటో ఆ దేశపు సరుకులు. స్పెయిన్, పోర్చుగల్ ఓడలు తిరగడం మొదలైన తర్వాతనే అవి ప్రపంచమంతా పాకినవి. మిరపకాయ మన దేశానికి వచ్చి మన ఆవకాయకు ప్రాణమైనది. ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మ మన వైపునుంచి, అనగా పాత ఖండాలనుంచి, 1500 తర్వాత స్పెయిన్‌వారి వెంట అటు వెళ్ళినవి. కనుక ఈనాటి గ్వాకమోలెలో సగం సరుకు ఆ వూరికి వలస వచ్చినదే. వలస వచ్చినవారిని చేర్చుకున్నా దాని పేరు మారలేదు. పండు దానిలో వున్నది గదా! ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికి వస్తుంది.

ఇక పద్దు. ఆహారం విషయంలో కేలరీ అని మనం వాడుకగా అనేది కిలోకేలరీని. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించడానికి కావలసిన శక్తి అది. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తవి. కొవ్వు ఎక్కువ వున్నచోట అంకె పెరగడం అందువల్లనే.

100 గ్రాముల వెన్నపండు గుజ్జులో సుమారు 160 కేలరీలు వున్నవి. అందులో కొవ్వు 15 గ్రాములకు కొంచెం తక్కువ. పీచు దాదాపు 7 గ్రాములు. చక్కెర గ్రాముకన్న తక్కువ. పండ్లలో ఇంత తక్కువ చక్కెర గలవి అరుదు. ఆ కొవ్వులో హెచ్చు భాగం ఆలివ్ నూనెలో, వేరుసెనగ నూనెలో వుండే ఓలిక్ జాతిది. నేతిలో, పాల వెన్నలో వుండే జాతి కొవ్వు ఇందులో కొద్దిగానే వున్నది. కనుక ‘మంచి కొవ్వు’ అన్నవారి మాటలో నిజం వున్నది. కాని మంచి కొవ్వుకూ గ్రాముకు 9 కేలరీలే. మంచిదని లెక్కలో రాయితీ లేదు. ‘అది వెన్నే’ అన్నవారి మాట మాత్రం సరి కాదు. పాల వెన్న 100 గ్రాములకు 700 కేలరీలు దాటుతుంది. వెన్నపండు అందులో నాలుగవ వంతుకన్న తక్కువ. పేరులో వెన్న వున్నంత మాత్రాన రెంటినీ ఒకే ఖాతాలో వ్రాయకూడదు.

మిగిలిన సరుకులు 100 గ్రాములకు చూస్తే, టొమాటో 18 కేలరీలు, ఉల్లిపాయ 40, కీరదోస 15. పచ్చిమిర్చి, కొత్తిమీర మనం వేసే పాటికి లెక్కకు రావు.

ఇప్పుడు నలుగురికి సరిపడే నిండు పచ్చడి వేద్దాము. పండు గుజ్జు 200 గ్రాములు, అంటే 320 కేలరీలు. ఉల్లిపాయ 50 గ్రాములు, 20. టొమాటో 50 గ్రాములు, 9. నిమ్మరసం, కొత్తిమీర కలిపి 6. మొత్తం 355. మనిషికి 89 కేలరీలు.

చూశారా? 89 కేలరీలు అంటే పెద్ద అరటిపండు ఒకటి తిన్నంత కూడా కాదు. మరి ఈ పచ్చడికి చెడ్డపేరు ఎందుకు వచ్చినది?

ఆఫీసులో పద్దు కుదరనప్పుడు మేము ముందుగా ఎదుటి పేజీ చూస్తాము. తేడా ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది. ఇక్కడా అంతే. పచ్చడి ఒక్కటే ఎవరూ తినరు. దానిని ముంచుకు తినడానికి మొక్కజొన్న చిప్స్ పెడతారు. అవి నూనెలో వేయించినవి. 100 గ్రాములకు సుమారు 500 కేలరీలు. చేతినిండా ఒకసారి తీసుకుంటే 30 గ్రాములు వుంటవి, అంటే 150. కబుర్లలో పడి రెండు గుప్పిళ్ళు తింటే 300. పైగా ఉప్పు. రక్తపోటు గలవారికి అది వేరే ఖర్చు.

నాలుగు విధాలుగా వేసి చూద్దాము.

ఒకటి: నిండు పచ్చడి, 60 గ్రాముల చిప్స్. 89, 300 కలిపి 389.

రెండు: పచ్చడిని తేలిక చేసి, అదే చిప్స్. తేలిక పచ్చడి మనిషికి 55 అవుతుంది. దాని విధానం కింద చెబుతాము. 55, 300 కలిపి 355. ఇంత శ్రమపడినా తగ్గినది 34.

మూడు: పచ్చడి ముట్టుకోకుండా చిప్స్ మార్చితే? 100 గ్రాముల కీరదోస చక్రాలు 15, 50 గ్రాముల కారెట్ ముక్కలు 20, వెరసి 35. నిండు పచ్చడి 89తో కలిపితే 124. తగ్గినది 265!

నాలుగు: రెండూ మార్చితే 55, 35 కలిపి 90.

ఈ నాలుగు వరుసలే మా ఈ నెల ఉపదేశం. మొదటి పద్దుకూ నాలుగవ పద్దుకూ తేడా 299. వారానికి రెండు సాయంకాలాలు తినే ఇంట్లో మనిషికి వారానికి సుమారు 600 కేలరీలు. ఆ 299లో 265 చిప్స్ వల్ల పోయినవి, పండు వల్ల పోయినవి 34. నింద మోసినది పండు, ఖర్చు రాసినది పక్కనున్న పళ్ళెం. చక్కెర జబ్బు గలవారికైతే ఇది మరీ ముఖ్యం. పిండిపదార్థం వున్నది ఎక్కువగా చిప్స్‌లోనే గాని పండులో కాదు.

‘కరకర లేకపోతే పిల్లలు తినరు’ అంటారా? కీరదోసను, కారెట్‌ను, ముల్లంగిని, బెంగుళూరు వంకాయను నిలువు ముక్కలుగా కోసి చల్లని నీళ్ళలో అరగంట వుంచి తీయండి. బెంగుళూరు వంకాయ, అదే కన్నడిగుల సీమె బదనెకాయి, తమిళుల చౌచౌ, కూడా మెక్సికో ప్రాంతపు కాయే. లేత కాయ పచ్చిగా తినవచ్చు. అంతే గాక మెక్సికోలో ఈ పచ్చడిని వేయించిన ముక్కలతోనే తింటారనుకోరాదు. అక్కడ సున్నపు నీటిలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న పిండితో పెనం మీద నూనె లేకుండా కాల్చిన తోర్తియ్యా అనే పలుచని రొట్టెలు వున్నవి. 25 గ్రాముల చిన్న రొట్టె ఒకటి సుమారు 55 కేలరీలు. మనకు అది దొరకకపోతే కన్నడ దేశంలో ఇంటింటా వుండే జొన్నరొట్టె వున్నది. 30 గ్రాముల పిండితో పలుచగా తట్టినది ఇంచుమించు 100 కేలరీలు. దానిని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కతో అద్దుకు తినవచ్చు.

ఇక పచ్చడినే తేలిక చేసే విధానం. నలుగురికి కొలత ఇది.

పండిన వెన్నపండు గుజ్జు 100 గ్రాములు. త్రాసు లేనివారికి పెద్ద చెంచాతో తలకొట్టి ఏడు చెంచాలు. గట్టి టొమాటోలు 150 గ్రాములు. ఉల్లిపాయ 50 గ్రాములు. కీరదోస 50 గ్రాములు. పచ్చిమిర్చి రెండు, లేదా మీ ఇంటి అలవాటును బట్టి. కొత్తిమీర ఒక చిన్న కట్ట. ఒక నిమ్మకాయ రసం. ఉప్పు.

టొమాటోలను రెండుగా కోసి గింజలు, రసం తీసివేయండి. ఆ రసం సాయంత్రం చారులో వేసుకోవచ్చు. కండను మాత్రం సన్నగా తరగండి. కీరదోసను తరిగి చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు వుంచి, గట్టిగా పిండండి. ఈ రెండు పనులు మానితే పచ్చడి నీళ్ళు కారుతుంది. తేలిక పచ్చడి బాగుండదని అనిపించేది సాధారణంగా ఇక్కడే. రోట్లో పచ్చిమిర్చి, సగం ఉల్లిపాయ, సగం కొత్తిమీర, ఉప్పు మెత్తగా నూరండి. కారమూ వాసనా అంతటా పట్టడానికి ఇది ఆధారం. పండు తక్కువైనప్పుడు రుచి నిలబెట్టవలసినది ఈ నూరుడే. గుజ్జు వేసి పొత్రంతో నాలుగు తిప్పులు తిప్పండి. వెన్నలాగా చేయవద్దు, పలుకులు కనబడాలి. పలుకు నోటికి తగిలితే పండు వున్నదని నాలుకకు తెలుస్తుంది. చివర టొమాటో, కీరదోస, మిగిలిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలపండి.

లెక్క: గుజ్జు 160, టొమాటో 27, ఉల్లిపాయ 20, కీరదోస 7, నిమ్మరసం, కొత్తిమీర 6. మొత్తం 220. మనిషికి 55. గిన్నె నిండుగా వుంటుంది. నిండు పచ్చడి 300 గ్రాముల పైచిలుకు అయితే ఇది 350 గ్రాముల పైచిలుకు. పరిమాణం పెరిగి ఖర్చు తగ్గినది.

గాలి తగిలితే ఈ గుజ్జు నల్లబడుతుంది. పండులోని ఒక రసాయనం గాలితో కలిసి చేసే పని అది. కోసిన వంకాయ నల్లబడడం వంటిదే. గింజను గిన్నెలో వుంచితే నల్లబడదని కొందరంటారు. గింజ కింద వున్న భాగానికి గాలి తగలదు కనుక అక్కడ మాత్రమే పచ్చగా వుంటుంది. నిమ్మరసం కలిపి, పచ్చడి మీద గాలి చొరకుండా ఆకుగాని పలుచని కాగితంగాని అంటించి మూయడం మేలు. అన్నిటికన్న మేలు తినే వేళకు చేసుకోవడం.

‘ఏడు చెంచాల పండు కూడా ఎందుకు? పూర్తిగా తీసివేస్తే ఇంకా తగ్గదా?’ అని అడిగేవారు వుంటారు. అలా చేసినవారూ వున్నారు. 2019లో మెక్సికోలో వెన్నపండు ధర పెరిగినప్పుడు, అక్కడి రొట్టెల దుకాణాలవారు కొందరు కలబసీత అనే లేత గుమ్మడి జాతి కాయతో పచ్చని పచ్చడి చేసి పెట్టారు. చూపుకు అచ్చం అదే. పత్రికలలో దానిని దొంగ గ్వాకమోలె అని వ్రాశారు. ఆ కాయకు 100 గ్రాములకు 17 కేలరీలే గాని, దానిని నూనెలో వేయించి రుబ్బుతారు. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. పండును తీసివేసి నూనెను తెచ్చిపెట్టుకున్నట్లయినది. మరి 2015లో అమెరికాలో ఒక పెద్ద పత్రిక పచ్చి బఠాణీలు కలిపే విధానం ప్రకటించగా పెద్ద రగడ జరిగినది. ఆనాటి అధ్యక్షుడు ఒబామాగారు కూడా బఠాణీ తనకు సమ్మతం కాదని బాహాటంగా చెప్పారు. పచ్చి బఠాణీ 100 గ్రాములకు 81 కేలరీలు, పండులో సగం. అయితే పండులో లేని పిండి, చక్కెర అందులో వున్నవి. చక్కెర జబ్బువారు ఆ బేరం ఆలోచించి చేయాలి.

మన ఇళ్ళలో తోచే ఉపాయం పెరుగు. గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగు సగం, పండు సగం కలుపుతారు. రుచికి బాగుంటుంది, కొంత తేలిక కూడా. అది తప్పని మేము అనము. కాని అది మన పెరుగు పచ్చడి అయినది. దాని పేరుతో దానిని పిలుచుకుంటే సరిపోతుంది. హోటళ్ళలో, సీసాలలో దొరికేవాటిలో మీగడో మయొనైజో కలిపినవి వుంటవి. మయొనైజు పెద్ద చెంచాడు సుమారు 90 కేలరీలు. సీసా మీది చిన్న అక్షరాలు చదివి కొనండి.

పండును పూర్తిగా తీయవద్దనడానికి రుచి ఒక్కటే కారణం కాదు. టొమాటోకు ఎర్రదనం ఇచ్చే పదార్థం, కారెట్‌కు రంగునిచ్చే పదార్థం నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతవి. కొవ్వు తోడు లేకపోతే వాటిలో చాలా భాగం మన ఒంటికి పట్టకుండానే పోతుంది. 2005లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో, టొమాటో పచ్చడిలో 150 గ్రాముల వెన్నపండు కలిపి తిన్నవారికి టొమాటోలోని ఎర్ర పదార్థం 4.4 రెట్లు, కారెట్‌లో కూడా వుండే కెరోటిన్ 2.6 రెట్లు అధికంగా ఒంటబట్టినవని తేలినది. మనవారు ముద్దపప్పులో నేతి చుక్క వేయనిదే వడ్డించరు గదా. ఆ చుక్క చేసే పని కొంత ఇటువంటిదే. కనుక తగ్గించడం వేరు, తుడిచివేయడం వేరు.

మన కుటుంబాలు కూడా చాలా మార్చుకున్నవి. ఆంధ్ర దేశం విడిచి వచ్చిన పెద్దలకు ఇక్కడ ఏ ఆకు దొరికితే ఆ ఆకుతో పచ్చడి నూరారు. చింతపండు తగ్గినది, కొబ్బరి చేరినది, సాంబారు వచ్చినది. మాటలలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీయో కలిసినది. ఇంత చేరినా మన ఇల్లు తెలుగిల్లే. రోట్లోకి కొత్తవి రానిచ్చినందువల్ల ఏమీ పోలేదు. నూరడం మాననందువల్ల మిగిలినది. మెక్సికో పచ్చడి కూడా మనకు ఆ విధంగానే కనబడుతున్నది.

పండు ఎంపికలో కూడా కొంత పొదుపు వున్నది. వెన్నపండులో మూడు పెద్ద జాతులు: మెక్సికన్, గ్వాతెమాలన్, వెస్టిండియన్. నల్లని గరుకు తోలుతో సూపర్ బజారులో ఒక్కొక్కటి కాగితంలో చుట్టి అమ్మేది హాస్ రకం. కాలిఫోర్నియాలో హాస్ అనే తపాలా జవాను తన తోటలో పెంచి 1935లో పేటెంటు తీసుకున్న చెట్టు అది. మా వంటి చిరుద్యోగి కనుక ఆ సంగతి చెప్పడానికి మాకు ముచ్చటగా వున్నది! ఆ రకానికి కొవ్వు హెచ్చు. కాలిఫోర్నియా పండ్లకు 100 గ్రాములకు 167 కేలరీలు. వేడి, తేమ గల ఫ్లారిడాలో పండే నున్నని పచ్చ తోలు పెద్ద పండ్లకు 120 కేలరీలే. కొవ్వు 10 గ్రాములు.

మన వైపు కొడగు కాఫీ తోటలలో, పళని కొండలలో, నీలగిరులలో వెన్నపండు పండుతుంది. చాలా చెట్లు గింజ నాటి పెంచినవి కనుక చెట్టుకొక రకం. కొడగులోని చెట్టళ్ళి పరిశోధన కేంద్రంవారు, పళని కొండలలోని తడియన్‌కుడిసై కేంద్రంవారు మేలైన రకాలు తీసి రైతులకు ఇచ్చారు. వానాకాలంలో మన బజార్లకు వచ్చే పెద్ద ఆకుపచ్చ పండు కోస్తే గుజ్జు కాస్త నీరుగా, తక్కువ జిడ్డుగా వుంటే దానికి కొవ్వు కూడా తక్కువేనని సుమారుగా అనుకోవచ్చు. దూరదేశపు పండుకు హెచ్చు వెల పెట్టడంకన్న అటువంటిది తెచ్చుకోవడం రెండు విధాల లాభం. కొనేటప్పుడు గట్టిగానే కొని, అరటిపండ్ల పక్కన రెండు మూడు రోజులు వుంచితే పండుతుంది.

మరొక హెచ్చరిక. బెంగుళూరు దుకాణాలలో బటర్ ఫ్రూట్ జ్యూస్ అని చిక్కగా ఇస్తారు. 100 గ్రాముల గుజ్జుకు 160, 200 మిల్లీలీటర్ల చిక్కని పాలకు సుమారు 125, నాలుగు చెంచాల పంచదారకు 80. గ్లాసు ఒకటి 365 కేలరీలు. పైన ఐస్ క్రీము వేస్తే ఆ లెక్క వేరు. ‘పండు రసమే గదా’ అని తాగినది, పైన చెప్పిన నాలుగవ పద్దు పచ్చడి నలుగురు తిన్నంత అయినది!

చివరకు ఒక్క మాట జాగ్రత్తగా చదవండి. ఈ పండులో పొటాసియం ఎక్కువ. 100 గ్రాములకు సుమారు 485 మిల్లీగ్రాములు, అరటిపండులో 358. ఆరోగ్యవంతులకు ఇది మేలే. కాని మూత్రపిండాల జబ్బు వుండి పొటాసియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు, టొమాటో సైతం, తమ డాక్టరును అడగనిదే తినరాదు. చక్కెర జబ్బు పాతబడినవారిలో మూత్రపిండాల చిక్కులు రావడం కద్దు కనుక ఈ సంగతి విడిచిపెట్టకుండా అడిగి తెలుసుకోవాలి. అటువంటి చిక్కు లేనివారు, మన సోదరి వంటివారు, ఏడు చెంచాల పచ్చడి గిన్నెకు భయపడి గది మార్చవలసిన అగత్యం లేదు. చిప్స్ పళ్ళెమే గది మారాలి.

చదువరులలో ఎవరైనా ఇంతకన్న తేలికగా, రుచి చెడకుండా చేసే విధానం ఎరిగివుంటే మాకు వ్రాయండి. ఒక్క మనవి. ‘చిటికెడు’, ‘పిడికెడు’, ‘తగినంత’ అని వ్రాస్తే మేము పద్దు వేయలేము. గ్రాములలో వ్రాయండి, ఎవరి వూరు, ఎవరి ఇంటి అలవాటు అన్నది కూడా తెలిపితే వచ్చే సంచికలలో లెక్క కట్టి ప్రచురిస్తాము.